మారు అడిగిన శుక్రవారం

ఆ శుక్రవారం అలారం మోగకముందే లేచి కూర్చున్నాను. కువైట్‌కు వచ్చిన ఇన్నేళ్ళలో డ్యూటీకి తప్ప దేనికీ అంత పెందలాడే లేచింది లేదు. ఆ రోజు డ్యూటీ లేదు. ఆ రోజు మా ఇంట్లో భోజనాలు. "మా ఇంట్లో భోజనాలు" అని ఒకసారి పైకే అనుకున్నాను. గది ఖాళీగా ఉండటం వల్ల మాట గోడకు తగిలి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఎంత బాగా వినిపించిందో! ఇంకోసారి అన్నాను.

ఇల్లంటే రిగ్గైలో ఒక పాత బిల్డింగు పైఅంతస్తులో ఒంటి గది, దాన్నానుకొని ఒక మనిషి అటు తిరిగి ఇటు తిరిగేంత వంటిల్లు. అంతకుముందు అదే బిల్డింగులో కింద, పదిమంది ఉండే ఫ్లాటులో నాకొక మంచం ఉండేది. మంచం మాత్రమే నాది. వంటింట్లోకి వెళ్ళే హక్కు ఆ అద్దెలో లేదు. షువైఖ్‌లో స్పేర్ పార్టుల గోడౌన్‌లో స్టోర్ చూసుకొని సాయంత్రం వచ్చేసరికి మెస్సు క్యారియర్ తలగడ పక్కన ఉండేది. తెరిచి, తిని, మూసేవాణ్ణి.

శుక్రవారం మాత్రం అలా కాదు. ఈ బిల్డింగులో మన తెలుగువాళ్ళకొక అలవాటు ఉంది. జుమా నమాజు అయ్యాక ఎవరో ఒకరింట్లో సుఫ్రా పరుస్తారు. సుఫ్రా అంటే భోజనాలకు నేల మీద పరిచే పల్చటి ప్లాస్టిక్ పట్టా. ఒక్కో వారం ఒక్కొక్కరిల్లు. మిగతావాళ్ళు తలా ఒక గిన్నె పట్టుకొస్తారు. నన్ను అన్నా అని పిలిచే రాయచోటి చెల్లెలు కోడి కూర తెస్తే, గోదావరి జిల్లా లిఫ్టు మెకానిక్ చేపల పులుసు తెస్తాడు. ఇంటి వంట, వేడి వంట. మొదటిసారి నన్ను పిలిచినప్పుడు వెళ్ళాలా వద్దా అని మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. వెళ్ళాను. ఆ తర్వాత ప్రతి వారం వెళ్ళాను. నా వంతుగా ఒక అరటిపళ్ళ అట్టపెట్టె మోసుకెళ్ళేవాణ్ణి. కానీ పళ్ళు పెట్టడం అన్నం పెట్టడం కాదు. వాళ్ళందరి చేతి అన్నం నేను తిన్నాను, నా చేతి అన్నం వాళ్ళు తినలేదు. అది నాకు చొక్కా లోపల ఇసుకలా గుచ్చుకుంటూనే ఉండేది.

ఎందుకంటే మాది అన్నం పెట్టిన ఇల్లు.

ఇది గొప్పకు చెప్పడం లేదు. ఉన్నదే చెబుతున్నాను. కడప జిల్లాలో మా ఊళ్ళో ఎవరిని అడిగినా పెద్దింటి పొయ్యి ఆరింది లేదనేవాళ్ళు. కోతల రోజుల్లో మా పెరట్లో సంగటి కెలికే పాత్రకు ఇద్దరు కాళ్ళు అడ్డం పెట్టి పట్టుకుంటే మూడోమనిషి నిలబడి తెడ్డుతో కెలికేవాడు. వడ్డన మాత్రం మా జేజిది. నాయనమ్మను మా వైపు జేజి అంటాం. ఆమె ఎవరినీ "ఇంకా వేయనా" అని అడిగేది కాదు. వడ్డించి, వసారా గుంజకు ఆనుకొని నిలబడి చూసేది. కూర్చున్నవాళ్ళ నుంచి "అమ్మా, ఇంకో ముద్ద" అనే మాట రావాలి. తమంతట తాము మారు అడగాలి. అడిగితేనే మనం పెట్టినట్టు, లేకపోతే వాళ్ళు మొహమాటానికి తిన్నట్టు. ఎవరూ మారు అడగని పూట ఆమె తినేది కాదు.

ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. మేము మాత్రం పరాయి ఇంట మారు అడగకూడదు. "వాళ్ళ కుండలో ఎంతుందో మనకు తెలవదు. పెట్టినంత తిను, బాగుందని చెప్పు, లెయ్యి" అనేది జేజి. నేను అలాగే తిన్నాను, అలాగే లేచాను, ప్రతి శుక్రవారమూ.

నేను పెద్దవాణ్ణయ్యేనాటికి బోర్లు ఎండిపోయాయి, చేలు చేతులు మారాయి. చివరికి ఇంటిని విప్పి అమ్మారు. తలుపులు కొన్నవాడు లారీ తెచ్చుకున్నాడు. దూలాలు ఇంకొకడు. ఇత్తడి పాత్రలు మరొకడు. చింతచేవతో చేసిన సంగటి తెడ్డును మాత్రం ఎవరూ ముట్టలేదు. నా ఛాతీ ఎత్తుంటుంది. పట్టుకొని పట్టుకొని పిడి దగ్గర నునుపు తేలింది. కువైట్‌కు వచ్చేటప్పుడు దుప్పట్లో చుట్టి దాన్ని కూడా వెంట తెచ్చుకున్నాను. విమానాశ్రయంలో ఇదేమిటని అడిగారు. మా ఇల్లు అనబోయి, వంటసామాను అన్నాను. కింది ఫ్లాటులో అది నా మంచం కింద ఉండేది. బట్టలారేసుకోవడానికి ఇవ్వమని రూములో వాళ్ళు ఎన్నోసార్లు అడిగారు. ఇవ్వలేదు.

అందుకే, ఈ ఒంటి గది ఖాళీ అవుతుందని తెలియగానే పరుగున వెళ్ళి తాళం తీసుకున్నాను. సామాను సర్దకముందే తెడ్డును గోడకు నిలబెట్టాను. తర్వాత ఇస్త్రీ చొక్కా తొడుక్కొని పిలుపులకు బయల్దేరాను. భోజనానికి పిలవడమంటే గడప దగ్గరికెళ్ళి పిలవాలి.

ఎదురు ఫ్లాటు రాయచోటి చెల్లెలు తలుపు తీసి నన్ను పైనుంచి కిందికి చూసింది. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకొని బట్టలు కుడుతుంది. ఆమె భర్త షువైఖ్‌లోనే గ్యారేజీ మెకానిక్.

"ఏందన్నా, పెండ్లిచూపులకు పోతాండావా?"

"శుక్రవారం మా ఇంట్లో భోజనానికి రావాలమ్మా. మీరిద్దరూ. ఎవరూ ఏమీ తేవద్దు. అన్నీ నేనే చేస్తాను."

"వాట్సాప్‌లో ఒక ముక్క పెడితే పోలేదా! సరే, నేను కోడి కూర..."

"ఏమీ తేవద్దు."

"అబ్బో," అంది, లోపలికి తిరిగి భర్తకు వినపడేలా. "ఇనుకో, అన్న మనకు సంగటి పెడతాడంట!"

గోదావరి లిఫ్టు మెకానిక్‌ను కూడా అలాగే పిలిచాను. అతను మా కింది అంతస్తులో ఉంటాడు. సంగటి అనగానే అతని మొహం కొంచెం వాడింది కానీ "తప్పకుండా అండి గురువుగారూ" అన్నాడు. ఇక మిగిలింది సల్వా అక్క. రాజంపేట దగ్గరి మనిషి. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. మాలో అందరికన్నా పెద్దది. వీలు దొరికిన శుక్రవారం ఇక్కడికొచ్చి మా నోళ్ళు మూయించి పోతుంది. ఆమె గడప దగ్గరికి నేను వెళ్ళలేను కాబట్టి ఫోన్ చేశాను.

"సంగటా?" అంది. "దొరా, నాలిక మీద సంగటి పడి ఎంత కాలమైందో. వాళ్ళింట్లో ఎప్పుడూ ఆ పొడుగు బియ్యమే. మా మామా ఇడిసిపెడితే ఎగిరొస్తా."

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. నన్ను అక్క దొరా అనే పిలుస్తుంది. ఎగతాళికే. నేను దిద్దలేదు.

ఇక సామాను. రాగిపిండి, వేరుశనగలు, గోంగూర, నెయ్యి అన్నీ కింది బకాలాలోనే, అంటే కిరాణా కొట్లోనే దొరికాయి. బియ్యం దగ్గర ఆగాను. మా ఇంట్లో చుట్టాలకు ఎప్పుడూ సన్నబియ్యమే. వచ్చేది నా ఇంటికి మొదటి చుట్టాలు. కొట్లో అన్నిటికన్నా మంచి బియ్యం ఏదని అడిగాను. మలయాళీ కొట్టతను సెల్లా బాస్మతి మూట చూపించి, దీన్ని మించింది లేదన్నాడు. భుజాన వేసుకొని వచ్చేశాను. మెట్లెక్కుతుంటే ఈల వేయాలనిపించింది. మా ఇంట్లో ఈల వేయరు కాబట్టి వేయలేదు.

శుక్రవారం పొద్దున గోంగూర పప్పు ముందే దించాను. వేరుశనగలు వేయించి ఊరిబిండి రుబ్బాను. కారం కళ్ళకెక్కినా నవ్వుతూనే ఉన్నాను. కొత్త పాత్రలో ఎసరు మరిగింది, బియ్యం వేశాను. ఉడికింది. ఇంకా ఉడికించాను. గింజలు పొడుగ్గా, తెల్లగా, మల్లెమొగ్గల్లా లేచాయి. ఎంత అందంగా ఉన్నాయో అనుకున్నాను, నా బుద్ధికి అది తప్పని తోచలేదు. పిండి పోసి, మధ్యలో గుంట చేసి, మూత పెట్టి, మగ్గాక గరిటె కాడతో కెలికాను. తర్వాత చెయ్యి తడుపుకొని మొదటి ముద్ద చేశాను.

పళ్ళెంలో పెట్టగానే అది విడిపోయింది.

ఇంకొకటి చేశాను. అదీ అంతే. గింజ గింజకూ పిండి అంటుకొని, దేనికది దూరంగా కూర్చుంది. అప్పుడు తెలిసింది. మా ఇంట్లో సన్నబియ్యం చుట్టాలకే గానీ, సంగటికి మాత్రం ఏనాడూ వేయలేదు. సంగటికి లావు బియ్యం కావాలి. మెత్తగా ఉడికి, మెదిగి, పిండిని పట్టుకొని వదలకూడదు. నేను చుట్టాల బియ్యంతో సంగటి చేయబోయాను!

కిటికీలోంచి చూస్తే బకాలా షట్టరు దించి ఉంది. నమాజు వేళ. అది అయిపోగానే అందరూ వస్తారు. ఇల్లు పోయాక ఇన్నేళ్ళకు మా ఇంటి పేరున మొదటి భోజనం, పళ్ళెంలో పొడిపొడిగా రాలుతోంది. చేతిలో ఏదో ఒకటి ఉండాలని తెడ్డు అందుకున్నాను. అలాగే బయటికి నడిచాను. ఏమీ తేవద్దని ఎవరికైతే చెప్పానో వాళ్ళ తలుపే కొట్టాను.

చెల్లెలు తలుపు తీసి ఒకడుగు వెనక్కి వేసింది.

"ఏందన్నా, కట్టె ఎత్తుకొని వచ్చినావు! మా ఆయన నమాజుకు పోయినాడు. కొట్టాలంటే వచ్చినాక కొట్టు."

"బియ్యం కావాలమ్మా," అన్నాను. "లావువి."

"మరి నువ్వేం బియ్యమేసినావు?"

చెప్పాను. ఆమె దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వాలనుంటే నవ్వు."

"నవ్వేదిల్యాన్నా. సంగటికి పిలిచి బిర్యానీ పెడతాండావా, బిర్యానీకి పిలిచి సంగటి పెడతాండావా అని ఆలోచన చేస్తాండా, అంతే." తర్వాత భుజాలు కదిలిపోయేలా నవ్వింది. నేను నిటారుగా నిలబడి ఉన్నాను. ఎలాగో నాకూ నవ్వొచ్చేసింది.

దోసెలకని ఊరినుంచి తెచ్చుకున్న లావు బియ్యం డబ్బా తీసింది. ఇవ్వబోయి, ఛాతీకి హత్తుకుంది.

"ఇస్తా. కానీ నా కోడి కూర సుఫ్రా మీదికి రావాల."

"చేశావా?"

"నువ్వొద్దన్నప్పుడే చేసేదని అనుకున్నా."

ఒప్పుకున్నాను. డబ్బాలో బియ్యం చాలవు. ఆమె అప్పటికే గోదావరి అతనికి ఫోన్ చేస్తోంది. "లావు బియ్యం ఉన్నాయండి ఆయ్, సగం మూట! పట్టుకొచ్చేత్తన్నానండి!" అన్న అరుపు ఫోన్లోనూ మెట్ల మీదనూ ఒకేసారి వినపడింది.

ఆ తర్వాత జరిగినదంతా పండగే. రాయచోటి బియ్యం, గోదావరి బియ్యం కలిపి ఎసట్లో పోశాం. మెత్తగా, ముద్దగా, గరిటెకు అంటుకునేలా ఉడికాయి. చూస్తుంటే కడుపు నిండింది. పిండి పోశాం. ఈసారి గరిటె కాడ కాదు, తెడ్డే అందుకున్నాను. పైకెత్తితే పిడి వెళ్ళి అలమరకు తగిలింది. పక్కకు తిప్పితే గోడ. మా పెరటి తెడ్డుకు ఈ వంటిల్లు చాలలేదు.

"బయటికి తీసుకుపోదామండి," అన్నాడు గోదావరి అతను. పాత తువ్వాళ్ళు తడిపి, ఇద్దరూ చెరోవైపు పట్టుకొని పాత్రను వరండాలోకి, లిఫ్టు ముందుకు తెచ్చారు. కింద గోనెపట్టా వేసి, చెల్లెలు ఒకవైపు, అతను ఒకవైపు బిగించి పట్టుకున్నారు. నేను చొక్కా చేతులు మడిచి, నిలబడి కెలకడం మొదలుపెట్టాను.

తెడ్డుతో నేను కెలకడం అదే మొదటిసారి. మా ఇంట్లో ఎప్పుడూ చూడటమే. కానీ చేతులకు ఎలా తెలుసో తెలియదు. అడుగునుంచి పైకి, అంచునుంచి మధ్యకు. ఆవిరి మొహానికి కొట్టింది. రాగి వాసన వరండా నిండిపోయింది. పిండి ఉండలు చితుకుతున్నాయి, సంగటి నల్లగా నిగనిగలాడుతూ తెడ్డును పట్టుకొని గుంజుతోంది. "అద్దీ! అద్దీ!" అంటున్నాడు గోదావరి అతను. "గట్టిగా అన్నా!" అంటోంది చెల్లెలు.

అప్పుడే లిఫ్టు తెరుచుకుంది. సల్వా అక్క. చెయ్యి తలుపుకు అడ్డం పెట్టి, అడుగు బయట పెట్టకుండా నిలబడిపోయింది.

"ఓరి నాయనో! నేను లిఫ్టు దిగుతాండానా, రాజంపేట బస్సు దిగుతాండానా?"

మా మామా "ఖలాస్, పో" అన్న మాట పూర్తి కాకముందే ఇంట్లోంచి దూకానంటూ వచ్చింది. పాత్రలోకి వంగి, ఆవిరిని ఊపిరి నిండా పీల్చుకుంది. లోపలికెళ్ళి పాడైన మొదటి పాత్రను చూసి, "ఓ, పొడుగు బియ్యం ఈడికి గూడా వచ్చినాయే! నన్ను ఇడిసేటట్లు లేవు," అని, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేసి దాన్ని తాలింపు పెట్టేసింది. నేను కెలుకుతూనే ఉన్నాను. మధ్యలో ఎవరికీ తెడ్డు ఇవ్వలేదు.

నమాజు అయి చెల్లెలి భర్త వచ్చేసరికి సుఫ్రా పరిచాం. మంచం నిలబెట్టేస్తే గదిలో అందరికీ చోటు సరిపోయింది. ముద్దలు గుండ్రంగా, విడిపోకుండా, పళ్ళేల్లో కూర్చున్నాయి. ప్రతి ముద్దకూ బొటనవేలితో గుంట నొక్కి నెయ్యి పోశాను. గోంగూర పప్పు, ఊరిబిండి, పక్కన కోడి కూర. గోదావరి అతను ముద్ద తుంచి నోట్లో పెట్టుకొని చాలాసేపు నమిలాడు.

"నమలద్దు సామీ," అంది అక్క. "కూరలో అద్దుకో, మింగు."

"మరి పళ్ళకు పనేటండి?"

"పండ్లకు ఈ పూట ఛుట్టీ."

అతను మింగాడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకో తుంపు మింగాడు. ఆ తర్వాత పళ్ళెం మీంచి తల ఎత్తలేదు.

వడ్డించి, ఆనుకోవడానికి గుంజ లేదు కాబట్టి ఫ్రిజ్జుకు ఆనుకొని నిలబడ్డాను. నా చెవులు సుఫ్రా మీదే. ఒక్క మాట రావాలి. అందరూ ఎంత ఇష్టంగా తింటున్నారో కనపడుతూనే ఉంది. చెల్లెలి భర్త పళ్ళెం ఖాళీ అయింది. ఊరిబిండి అంటిన వేళ్ళు నాకాడు, పాత్ర వైపు చూశాడు, పళ్ళెం వైపు చూశాడు. అడగలేదు. గోదావరి అతను పళ్ళెం తుడిచినట్టు చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అడగలేదు. చెల్లెలు నన్ను చూసి నవ్వింది, అంతే. పాత్రలో సంగటి సగం అలాగే ఉంది. సల్వా అక్క నీళ్ళ గ్లాసు ఎత్తింది, పళ్ళెంలో చెయ్యి కడుక్కోవడానికి. ఆ నీళ్ళు పడితే భోజనం అయిపోయినట్టే.

"కుదరలేదా అక్కా?" అన్నాను.

గ్లాసు గాల్లో ఆగింది. "ఏంది కుదరంది?"

"ఎవరూ మారు అడగలేదు."

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అక్క గ్లాసు కింద పెట్టింది.

"ఓ దొరా. ఇన్ని శుక్రవారాలు మాతో తింటివే, ఒక్కనాడన్నా మారడిగినావా? పెట్టింది తింటావు, బాగుందంటావు, కొయ్య మాదిరి లేస్తావు. పెద్దిండ్లల్లో మారడిగేది మర్యాద కాదేమో అని అనుకున్యాం. నువ్వు లోపల ముద్దలు చేస్తాంటే లిఫ్టు కాడ నేనే అందరికీ చెప్పినా, ఎవరూ నోరు తెరవగాకండి, దొర పరువు తీయగాకండి అని!"

"నేనింకో రెండు ముద్దలు తిందునండి," అన్నాడు గోదావరి అతను, దిగులుగా.

"నేను తెచ్చిన కూర నువ్వెప్పుడూ రెండోసారి వేసుకోలేదన్నా," అంది చెల్లెలు. "నా వంట నీకు నచ్చదేమో అని మా ఆయనతో అంటాంటి."

వాళ్ళ కుండలో ఎంతుందో తెలియక ఊరుకున్నానని చెబుదామనుకున్నాను. జేజి మాట చెబుదామనుకున్నాను. పాత్రలోంచి ఆవిరి తగ్గుతోంది. సంగటి చల్లారితే బిగుసుకుంటుంది. మాటలకు టైము లేదు. ఫ్రిజ్జును వదిలి వచ్చి, చెల్లెలి భర్త పక్కన సుఫ్రా మీద కూర్చున్నాను. నా ఇంట్లో నేను వడ్డన ఆపి కూర్చోవడం. నడుము మాత్రం వంచలేదు.

అక్క నాకో ముద్ద వేసింది. చెల్లెలు దాని పక్కన కోడి కూర పోసింది. తిన్నాను. సంగటి వేడిగా, మెత్తగా గొంతులోంచి జారిపోతుంటే, ఇది మా ఇంటి సంగటే, బియ్యం మాత్రం వేరే ఇళ్ళవి, అనుకున్నాను. కూరలో ధనియాల వాసన, మిరియం ఘాటు. ఇన్నాళ్ళూ ఒక్కసారికే సరిపెట్టుకొని లేచి వచ్చిన కూర! పళ్ళెం ఖాళీ అయింది. అందరూ నా చేతినే చూస్తున్నారు.

పళ్ళెం ముందుకు జరిపాను.

"చెల్లీ," అన్నాను, "కూర మారు వెయ్యమ్మా. అక్కా, ఇంకో ముద్ద."

"అడిగినాడు!" అని అరిచింది అక్క. "యల్లా! పట్టండి పళ్ళేలు!"

ఎన్ని పళ్ళేలు ఒకేసారి లేచాయో! గోదావరి అతను మోకాళ్ళ మీద లేచి, పాత్రకు అందరికన్నా దగ్గరగా జరిగాడు. చెల్లెలి భర్త రెండు చేతులతో పళ్ళెం పట్టుకున్నాడు. "నాకు", "నాకూ", "నెయ్యి ఇంకొంచెం" అని ఒకటే గోల. నేను లేవబోతే అక్క నా భుజం నొక్కి కూర్చోబెట్టి, తనే వడ్డించింది. ఊరిబిండి గిన్నెను చపాతీతో తుడిచినట్టు సంగటితో తుడిచారు. సంగటి అయిపోతే అక్క తాలింపు పెట్టిన బాస్మతి మీద పడ్డారు. అదే అన్నిటికన్నా బాగుందని గోదావరి అతను అంటే, ఇంకోసారి ఆ మాట అంటే లిఫ్టులో ఇరికిస్తానంది అక్క. పాత్ర అడుగున అంటుకున్న మాడు కోసం మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారు.

అందరూ వెళ్ళాక గదిలో రాగి వాసన, మంచం ఇంకా గోడకే. సాయంత్రం తెడ్డు కోసం చూస్తే లేదు. తలుపు తీశాను. చెల్లెలు దాన్ని కడిగి, తన గుమ్మానికీ నా గుమ్మానికీ మధ్య షూ స్టాండు మీద అడ్డంగా పెట్టి, దాని మీద కడిగిన సుఫ్రా ఆరేసింది. పట్టా అంచుల నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

పట్టా ఒకవైపు మడతపడి ఉంది. బాగా ఆరాలని దాన్ని సాగదీసి, సరిచేసి, లోపలికి వచ్చాను.